బాల్కని సీటు

"బండికి గీత గూడ వడలేదంట!"

శ్రుతి పోయిన సాయంత్రం అనంతమ్మ చెవిన పడ్డ మొదటి మాట ఇది. కూతురి సంగతి ఆ తర్వాత తెలిసింది. పల్లి చేన్లకు కూలికి పోయి తిరిగొస్తున్న ఆడవాళ్లతో నిండిన మద్దిలేటి ఆటోను గోపాల్‌పేట రోడ్డు మీద వెనక నుంచి ఒక కారు గుద్దింది. ఆ కబురు మోసుకొచ్చినవాడు మనుషులు ఏమయ్యారో చెప్పకముందే బండి క్షేమం చెప్పాడు. వాడి నోట్లో మన్ను పడ అని అనంతమ్మ అప్పుడూ తిట్టింది, ఇప్పటికీ తిడుతూనే ఉంది. తిట్టదా మరి?

నిజానికి వాడొక్కడి తప్పు కాదు. ఆ ఆటో అంటే ఊరు ఊరంతటికీ మురిపెమే. కొన్నప్పుడు అదీ అన్ని ఆటోల లాంటిదే. మద్దిలేటి దాన్ని వనపర్తిలో బండ్లకు బాడీలు కట్టే షెడ్డుకు తోలుకుపోయి, కొత్త పెళ్లికూతురిలా ముస్తాబు చేయించి తెచ్చాడు. ముందు మెరిసే స్టీలు కమ్ములు. పైన శ్రీరంగాపూర్ తేరుకు ఉన్నట్టు నాలుగు మూలలా తామర మొగ్గలు. లోపల ఎర్ర రెగ్జిను, రంగురంగుల లైట్లు, గుండె అదిరేలా పాటలు. అన్నిటికన్నా అందం వెనక భాగానిది. అక్కడ బంపర్ మీద ఇనుప యాంగిలర్లు అతికించి, వాటి మీద ఒక చెక్క బిగించి, దానికీ ఎర్ర రెగ్జిను తొడిగించాడు. ముగ్గురు కూర్చోవచ్చు. వీపు బండికి, మొహం రోడ్డుకు, కాళ్లు గాల్లో. సినిమా హాల్లో మాదిరిగా దానికి బాల్కని అని పేరు పడింది.

కూలికి పోయేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఒక పద్ధతి ఉంది. కూలోళ్లను కూడగట్టే పుష్పమ్మకు మద్దిలేటి పక్కన చోటు. మోకాళ్ల నొప్పుల వాళ్లకు, పిల్లల తల్లులకు లోపల. బాల్కని మాత్రం పెళ్లికాని పిల్లలది. పెద్దవాళ్లకు లోపలి చోటు వదిలినందుకు పిల్లలది మర్యాద, పిల్లలకు గాలి వదిలినందుకు పెద్దవాళ్లది ప్రేమ. ఊరు ఆ పద్ధతిని చూసి ముచ్చటపడేది.

"లోపల మిరపకాయ బస్తాల లెక్క కుక్కుతడమ్మా. బాల్కనిల అయితే చల్లగ గాలొస్తది" అనేది శ్రుతి. పొద్దున్నే జడకు రబ్బరు బ్యాండు నోట్లో పట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తేది, వేరే పిల్ల ఎక్కడ ఎక్కేస్తుందో అని. గుద్దిన రోజు కూడా అలాగే పరిగెత్తింది. నవనీత, ఇంకో పిల్ల ఆమెకు అటూ ఇటూ కూర్చున్నారు. నవనీతకు మోకాలి కింద కాలు తీసేశారు. రెండో పిల్ల ఇంకా మంచంలోనే ఉంది. శ్రుతి దవాఖాన దాకా కూడా పోలేదు.

లోపల కూర్చున్నవాళ్లకు మోచేతులు గీరుకున్నాయి, అంతే.

మూడో రోజు అనంతమ్మను, ఆమె మొగుడు రామన్నను పోలీసు స్టేషన్‌కు పిలిచారు. ఆవరణలో రెండు బండ్లూ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. అనంతమ్మ ఆ రెండింటినీ కళ్లారా చూసింది. కారు ముందు భాగం ముద్దముద్దయి పోయింది. మూత మడత పడింది, లైట్లు ఎక్కడివక్కడ రాలిపోయాయి, లోపల డ్రైవరు ముందు తెల్ల సంచి ఉబ్బి చప్పబడి వేలాడుతోంది. పక్కన ఆటో మాత్రం దసరా నాడు కడిగి నిలబెట్టినట్టు ఉంది. రెగ్జిను చిరిగింది. చెక్క ఒక పక్క పగిలింది. ఇనుము అలాగే ఉంది. తామర మొగ్గలు కూడా అలాగే ఉన్నాయి.

చుట్టూ చేరిన మగవాళ్లకు అదొక తమాషా.

"లక్షలు వోసి కొంటరు, కారు జూడు, అప్పడం లెక్క నలిగింది. రేకు గాదది, అట్ట."

"మన మద్దిలేటి బండి జూడు. ఏనుగు గుద్దినా వంగదు. బాడీ అంటే గట్ల కట్టాలె."

"మరి కారు లోపలున్నోళ్లకు ఏమయింది?" అని అనంతమ్మ అడిగింది. మొగవాళ్లు నాలుగు మాటలు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఆడది దూరిందని ఒకడు మొహం చిట్లించాడు. ఇంకొకడు జాలి తలచి చెప్పాడు. "మొగుడు పెండ్లాం, చంటిపిల్ల. ఏం గాలేదమ్మా. దిగి నీళ్లు తాగిండ్రు."

వాళ్లు బతికినందుకు అనంతమ్మకు ఏడుపు లేదు. చంటిపిల్ల బతకాలి, ఎవరి పిల్లయితేనేం. కానీ ఆమె ఆ నలిగిన కారును చూసింది, నలగని ఆటోను చూసింది, మళ్లీ కారును చూసింది. ఆమె చిన్నప్పటి నుంచీ కట్టెల మోపులు మోసిన మనిషి. నెత్తికీ మోపుకూ నడుమ పాత గుడ్డను చుట్టి చుట్టబట్ట పెట్టుకుంటేనే మోపు ఎత్తుకోనిచ్చేది వాళ్లమ్మ. బరువుకు ఆ గుడ్డ నలగాలి. అది నలిగితేనే తల నిలుస్తుంది. ఈ కారుకు ముక్కు చుట్టబట్టలా పెట్టారు. అది నలిగింది, లోపలి చంటిపిల్ల నిలిచింది. మరి ఆటోకు? ఆ గట్టి ఇనుముకూ వచ్చే కారుకూ నడుమ ఏముంది నలగడానికి?

"నా బిడ్డను చుట్టబట్ట జేసిండ్రు కదరా!" అని ఆమె అక్కడే, ఆ మగవాళ్ల నడుమే, గుండెలు బాదుకుని అరిచింది. రామన్న భుజం పట్టి బయటికి తీసుకుపోయాడు. పాపం, తల్లి కదా, మతి చెడిందని అక్కడివాళ్లు అనుకున్నారు. ఆమె మతి అంత తేటగా ఎప్పుడూ లేదు.

అసలు కష్టం ఏమిటంటే మద్దిలేటి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కోపం పట్టుకోవడానికి ఒక పిడి దొరికేది. శ్రుతిని రోడ్డు మీంచి ఎత్తింది అతనే. తన అంగీ విప్పి కప్పింది అతనే. పాడె మోసినవాళ్లలో ముందు ఉన్నది అతనే. పదో రోజున ఇంటిముందు కూర్చుని, "నా చెల్లెలు లెక్క ఉండె అక్కా" అని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో నటన లేదు.

పోలీసులు ఆటోను వదిలారని తెలిసిన రోజు అనంతమ్మ అతని ఇంటికి పోయింది.

"మద్దిలేటీ, నేను నిన్ను ఏం అంటలేను. కారోడు గుద్దిండు, కేసు వాని మీదనే ఉండనీ. నువ్వు ఆ బాల్కని కోసెయ్. ఇంకో తల్లి ఏడ్వొద్దు."

"కోసేస్త అక్కా. నువ్వింతగనం చెప్పాల్నా? రేపే వనపర్తికి తోల్కపోత."

పోయాడు కూడా. అనంతమ్మకు ఆ రాత్రి మొదటిసారి కాస్త కన్ను అంటింది.

ఫాల్గుణం వచ్చింది. పెబ్బేరు దిక్కు మిరపకాయలు తెంపడానికి కూలోళ్లు కావాలని కబుర్లు మొదలయ్యాయి. ఒక పొద్దున పుష్పమ్మ వచ్చి, "వదినె, మద్దిలేటి బండి తయారై వచ్చింది. రోడ్డు మీది ఆంజనేయ గుడి కాడ పూజ. నీ చేతులతోనే కొబ్బరికాయ కొట్టించాలన్నడు. నీకోసం ఏందో జేయించిండు, జూస్తే నీ కడుపు సల్లవడ్తది" అంది.

అనంతమ్మ పోయింది. బాల్కని లేని బండిని చూడాలని పోయింది. రామన్న వెనకే నడిచాడు.

గుడి దగ్గర ఊళ్లో సగం మంది ఉన్నారు. సద్ది టిఫిన్లు పట్టుకుని కూలోళ్లు పూజ అయిపోగానే ఎక్కడానికి నిలబడ్డారు. టైర్ల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ, కమ్ములకు బంతిపూలు. బండి మూతి గుడివైపు ఉంది, వెనక భాగం రోడ్డుకు ఉంది. ఆ వెనక భాగానికి ఒక గద్వాల చీర కప్పారు. మద్దిలేటి పెళ్లాం పెట్టెలోంచి తీసి కప్పిన చీరట. మద్దిలేటి కూతురు సాయిశ్రీ, పదో తరగతి పిల్ల, పట్టు లంగా వేసుకుని ఆ చీర కొంగు పట్టుకుని నిలబడింది. తండ్రి సైగ చేయగానే లాగింది.

శ్రుతి.

బంగారు రంగు అక్షరాలు, చుట్టూ గులాబీలు, కింద "మరువలేం చెల్లీ" అని ఇంకో వరుస. తన బిడ్డ పేరు అంత పెద్ద అక్షరాల్లో అనంతమ్మ ఎన్నడూ చూడలేదు. పెళ్లిపత్రిక మీద కూడా రాసే యోగం లేకపోయె. కన్నీళ్లు కారాయి. ఆ కన్నీళ్లలోంచే చూపు కిందికి దిగింది.

పేరు కింద బాల్కని ఉంది.

కొత్త రెగ్జిను, కొత్త చెక్క. ఇదివరకు లేని స్టీలు కమ్మి ఒకటి అంచు పొడవునా తళతళ మెరుస్తోంది. దాని కొనలకూ తామర మొగ్గలు పెట్టించాడు. శ్రుతి తల ఆనించుకుని కూర్చునే చోట సరిగ్గా శ్రుతి పేరు. పైన పటారం, లోన లొటారం అంటారే, అదైనా నయం. ఇక్కడ పైన నివాళి, కింద ఉరితాడు.

"కోసేస్తనంటివి" అంది అనంతమ్మ.

"కోద్దామనే తోల్కపోయిన అక్కా, నీ మీదొట్టు. షెడ్డుల వద్దన్నరు. కోస్తే వెనక అంతా బోసిపోతది, బండి అందమే పోతదన్నరు. నాకూ నిజమే అనిపిచ్చింది. అందుకే బలం పెంచిన. జూడు, డబల్ యాంగిలర్." అతను వంగి, ఆ ఇనుమును గుద్ది చూపించాడు. అతని కళ్లలో మోసం లేదు, మెచ్చుకుంటుందన్న ఆశ ఉంది. "ఈపారి లారీ గుద్దినా ఇది వంగది."

"ఇది వంగది! ఇది వంగకుంటే ఇంకేం వంగాల్రా? దీని మీద కూసున్న పోరి వంగాలె!"

జనం కదిలారు. ఎవరో "జర ఊకో అనంతమ్మా, శుభమా అని పూజ చేస్తుంటే" అన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అని ఇంకెవరో గొణిగారు. పుష్పమ్మ ముందుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వదినె, నీ కడుపుకోత నాకు ఎరుకే. గని బాల్కని తీసేస్తే ముగ్గురు ఆడోళ్లు ఇంటికాడ కూసోవాలె. ఎవర్ని కూసోమందాం? నువ్వే చెప్పు."

"చచ్చినోళ్ల కన్న ఇంటికాడ కూసున్నోళ్లు నయం గాదా పుష్పమ్మా? నీకేం, నువ్వు డ్రైవరు పక్కపొంట కూసుంటవ్. ఎన్నడన్న ఒక్కపారి బాల్కని ఎక్కినవా?"

పుష్పమ్మ చెయ్యి వదిలేసింది.

"నీ బిడ్డ పేరు రాయిచ్చిండు, దానికన్న ఇజ్జత్ ఏం గావాలె? కొబ్బరికాయ కొట్టు, అయిపోతది" అని రామన్న చెవి దగ్గర బతిమాలాడు. మొగుడి మొహంలో సిగ్గు చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. బిడ్డ పోయినదానికి కాదు, నలుగురిలో రచ్చ అవుతున్నందుకు సిగ్గట! మద్దిలేటి పెళ్లాం తెచ్చిచ్చిన కొబ్బరికాయను అనంతమ్మ తీసుకుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆమె బండి ముందుకు పోలేదు. వెనక్కి వచ్చింది. రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి ఆ స్టీలు కమ్మి మీద కొట్టింది.

కాయ ముక్కచెక్కలయింది. నీళ్లు పైదాకా చింది, బంగారు అక్షరాల మీంచి కారాయి. ఒక చిప్ప పోయి సాయిశ్రీ కాళ్ల దగ్గర పడింది.

అనంతమ్మ వంగి, కొంగుతో కమ్మిని తుడిచింది. "రాండ్రి, జూడుండ్రి. గీత వడ్డదా? వడలే. బండి గట్టిదే. కాయను జూడుండ్రి ఎట్లయిందో. నా బిడ్డ గిట్లనే అయింది. ఆనాడు ఒక్కరన్న కాయను జూసిండ్రా? అందరూ ఇనుమును జూసి మురిస్తిరి!"

మద్దిలేటి మొహం పాలిపోయింది. అయినా అతనికి ఇంకా అర్థం కాలేదు, లేదా అర్థం చేసుకోవడం ఇష్టం లేదు.

"అది దాని నసీబు అక్కా. ఎవడో వచ్చి గుద్దుతడని మనం అనుకుంటమా? దినాం గుద్దుతరా?"

"గుద్దరు. అయితే నీ బిడ్డను కూసోబెట్టు."

"ఆ?"

"పూజయింది గద. కొత్త బండిల మొదటి సవారీ ఇంటి లక్ష్మిదే ఉండాలె. సాయిశ్రీని బాల్కనిల కూసోబెట్టుకుని పెబ్బేరు దాక పోయి రా. డబల్ యాంగిలర్ గద, భయమేంది?"

సాయిశ్రీ తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. పిల్లకు ఈ పెద్దవాళ్ల గొడవ అర్థం కాలేదో, లేక గొడవ చల్లారుతుందనుకుందో, లంగా కొంచెం ఎత్తి పట్టుకుని బాల్కని ఎక్కి కూర్చుంది. నిజానికి చూడ ముచ్చటగా ఉంది. ఎర్ర రెగ్జిను మీద పచ్చ పట్టు లంగా, వెనక గులాబీలు, అటూ ఇటూ తామర మొగ్గలు. అందం అంటే అందమే. అనంతమ్మ ఆమె పక్కనే ఎక్కి కూర్చుంది. కింద కాళ్లు పెట్టడానికి ఏమీ లేదు. ఎదురుగా రోడ్డు తప్ప ఇంకేమీ లేదు. తన బిడ్డ చివరిసారి చూసింది ఇదేనా అనుకుంది.

"పోనియ్యి" అంది.

మద్దిలేటి తూలుతున్నవాడిలా పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పాడు. బండి పాట అందుకుంది. అప్పుడే మలుపు తిరిగి వనపర్తి నుంచి బస్సు వచ్చింది. రోజూ వచ్చే బస్సే. రోడ్డు పక్కన జనాన్ని చూసి హారన్ గట్టిగా కొట్టింది.

"దిగూ! సాయీ, దిగవే! దిగూ!"

ఆ కేక మద్దిలేటిది. అతను ఎప్పుడు దూకాడో, బండి చుట్టూ ఎలా వచ్చాడో ఎవరూ చూడలేదు. కూతురి రెక్క పట్టి గుంజేశాడు. పిల్ల మట్టిలో పడింది, మోచెయ్యి గీరుకుపోయింది. బస్సు దాని దారిన అది దూరంగానే దాటిపోయింది. డ్రైవరు వీళ్ల వైపు చూడను కూడా లేదు.

దుమ్ము తగ్గింది. మద్దిలేటి కూతుర్ని పొదివి పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. అనంతమ్మ బాల్కనిలో ఒంటరిగా ఉంది. ఆమెను దిగమని ఎవరూ అనలేదు.

"నీకు ఎరుకేరా" అంది. ఈసారి అరవలేదు. "నసీబన్నవు, బలమన్నవు. నీ కాళ్లకు ఎరుకే, నీ నోటికి ఎరుకే. ఇయ్యాల నీ బిడ్డను అన్న మాట, నాడు నా బిడ్డను ఒక్కపారి అంటే సాలకపోవునా?"

మద్దిలేటి తల ఎత్తలేదు. అప్పుడు పుష్పమ్మ సద్ది టిఫిన్ నేల మీద పెట్టి, కూలోళ్ల వైపు తిరిగింది. "ఇయ్యాల్టి సంది లోపల ఎందరు వడ్తే అందరే. వంతులు ఏసుకుందాం. ఒకనాడు మీరు ఆగుండ్రి, ఒకనాడు నేను ఆగుత."

"కోసేదాక నేను దిగ" అంది అనంతమ్మ.

గోపాల్‌పేట నుంచి వెల్డింగు మనిషిని పిలిపించారు. అతను మిషను తెచ్చి, దాని తీగను గుడి కరెంటుకు తగిలించి, నిప్పురవ్వలు రేపాడు. అప్పుడు గానీ ఆమె దిగలేదు. దిగి కొంచెం అవతల నిలబడింది. మద్దిలేటి తనే ఒక కొన పట్టుకున్నాడు. డబల్ యాంగిలర్ కదా, తెగడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఆ చెక్కా ఇనుమూ కలిసి ధన్‌మని నేల మీద పడ్డాయి. వెల్డింగు మనిషి వంగి చూసి, పాపం తెలియక, "గట్టి మాల్ అన్నా, గీత వడలే" అన్నాడు.

రామన్న వచ్చి పెళ్లాం పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ బండి వెనక ఉన్న పేరును చూశారు. కింద ఇప్పుడు ఏమీ లేదు. అనంతమ్మ కొంగుతో ఆ అక్షరాల మీద ఎండిన కొబ్బరినీళ్ల మరకలు తుడిచింది.

వెనక నుంచి పాట వినపడింది. వేరే ఊరి ఆటో, అదీ మిరపకాయలకే పోతున్నట్టుంది. దీనికన్నా కొత్తది, దీనికన్నా అందమైనది. అది దాటిపోయాక దాని వెనక భాగం కనపడింది. నీలం రెగ్జిను బాల్కని, దాని మీద ముగ్గురు పిల్లలు, కాళ్లు ఊపుకుంటూ ఉన్నారు. గాలికి ఒక పిల్ల జడ విడిపోయింది.

"దిగుండ్రే!" అని అరుస్తూ అనంతమ్మ రోడ్డు మీద పరిగెత్తింది. "దిగుండ్రే బిడ్డా, దిగుండ్రి!"

పాట మోతలో వాళ్లకేం వినపడుతుంది? జడ విడిపోయిన పిల్ల మాత్రం ఆమెను చూసి, ఎవరో తెలిసినామె పిలుస్తోందనుకుని నవ్వుతూ చెయ్యి ఊపింది.